సున్నా రాయి

మా చెల్లెలు పనిచేసిన నీటి సంస్థలో ప్రతి కొలతా ఒకే రాయి దగ్గర మొదలవుతుంది. గేటు పక్కన నడుమెత్తు నల్లరాయి అది. దాని నెత్తిన ఒక ఇత్తడి మేకు దిగగొట్టి ఉంటుంది. అక్కడివాళ్లు దాన్ని సున్నా రాయి అంటారు. ఏ గొట్టం ఎక్కడ పాతారో, ఏ వాల్వు ఎంత లోతున ఉందో, అన్నీ ఆ మేకు నుంచి ఇన్ని అడుగులని రాసుకుంటారు. మరో గుర్తును నమ్మరు. కొత్తగా చేరినవాళ్లకు సర్వేయరు మొదటిరోజే చెప్పే మాట ఒకటుంది. ఊరు కదిలినా సున్నా రాయి కదలదని.

చెల్లి ఆ మాటను ఆయన గొంతుతోనే అని చూపించి నవ్వేది. నాకంటే పన్నెండేళ్లు చిన్నది. అమ్మానాన్నలు పోయాక ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. ఆ సంస్థలో ఆమె జూనియర్ ఇంజనీరు. నేను ఎనిమిదో తరగతికి భూగోళం చెబుతాను.

ఆ పాఠంలో భూకంపాల అధ్యాయం ఒకటుంది. దానికోసం వడ్రంగి చేత రెండు చెక్క దిమ్మెలు ఏటవాలుగా కోయించుకున్నాను. భూమి పైపెంకు ఒకే ముక్క కాదని, అది చాలాచోట్ల పగిలి ఉంటుందని, ఆ పగుళ్లనే భ్రంశాలంటారని వాటితో చూపిస్తాను. పగులుకు రెండువైపులా ఉన్న రాయి జరగాలని చూస్తుంది. గరుకు జరగనివ్వదు. కింది తోపుడు మాత్రం ఆగదు. ఏళ్ల తరబడి రాయి విల్లులా వంగుతూ ఓర్చుకుంటుంది. ఏదో ఒకరోజు ఆ గరుకు ఓడిపోతుంది. వందేళ్లుగా జరగాల్సింది ఒక్క నిమిషం లోపే జరిగిపోతుంది. ఆ విదిలింపు రాతిలో అలలుగా పాకి మన కాళ్ల దాకా వస్తుంది.

జరగడంలో మూడు రకాలున్నాయి. నేలను రెండువైపులకూ లాగితే ఒక దిమ్మె ఏటవాలు మీద కిందికి జారుతుంది. రెండువైపుల నుంచీ నొక్కితే ఒకటి రెండోదాని మీదికి ఎక్కుతుంది. మూడో రకంలో పైకీ కిందికీ ఏమీ ఉండదు. పక్కపక్కన ఒరుసుకుంటూ ఒకటి ఇటు, ఒకటి అటు పోతాయి. పుస్తకంలో వీటికి పెద్ద పేర్లున్నాయి. పిల్లలు జారుడు, ఎక్కుడు, ఒరుపు అని పెట్టుకున్నారు. పరీక్షలో అలాగే రాసినా నేను మార్కులు వేస్తాను.

ఆ రోజు పొద్దున చెల్లి వంటింటి గుమ్మంలో కూర్చుని బూట్లు వేసుకుంటోంది.

"ఏడున్నరకి కింద ఉండాలన్నయ్యా. కొండ కింది వాల్వుల గదిలో ఏదో కారుతోందట. కునుకు బాబాయ్‌తో వెళ్తున్నా."

కునుకు అంటే అక్కడి ఫిట్టరు. నిలబడి కూడా నిద్రపోగలడని ఆ పేరు పెట్టారు. యాభై దాటిన మనిషి. పనిలో మాత్రం దిట్ట.

"ఆయన నిద్రపోతే నువ్వే మోసుకురావాలి," అన్నాను.

"నయం. నిన్ను దారి అడగలేదు. అడిగుంటే ఈపాటికి పక్క ఊళ్లో తేలేవాళ్లం."

నెలక్రితం ఒక పెద్దాయన మా వీధిలో ఎవరి ఇల్లో అడిగాడు. నాకు తెలియదు. అయినా చెయ్యి చాపి, నేరుగా వెళ్లి ఎడమకు తిరగమన్నాను. అరగంట తర్వాత ఆయన చెమటలు కక్కుతూ మా గేటు ముందునుంచే వెనక్కి వెళ్లాడు. చెల్లి కిటికీలోంచి చూసి పడిపడి నవ్వింది.

"తెలియదు అనడం నీకీ జన్మలో రాదు. అడిగితే చాలు, పాఠం మొదలు," అని హెల్మెట్ చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఏడూ యాభైకి నేను బడిలో ఉన్నాను. పిల్లలింకా రాలేదు. మొదట కింద బరువైన బండి పోతున్నట్టు మోత వచ్చింది. తర్వాత నల్లబల్ల గోడ నుంచి విడిపోయి నా వైపు నడిచింది. నేను తలుపు చట్రం పట్టుకున్నాను. అది ఎంతసేపో నేను లెక్కపెట్టలేదు. తర్వాత నలభై సెకన్లని చెప్పారు. ఆగాక గదిలో సగం కప్పు బెంచీల మీద ఉంది. ఇంకో అరగంటకు వచ్చి ఉంటే ఆ బెంచీల్లో నలభైమంది ఉండేవాళ్లు. ఆ తర్వాత చెల్లి గుర్తొచ్చింది.

నీటి సంస్థకు చేరేసరికి పది దాటింది. గేటు దగ్గరి ఆఫీసు కూలి దారికి అడ్డంగా పడి ఉంది. నీళ్లు తేరే పెద్ద తొట్టి పగిలింది. ఆఫీసుకూ కొండకూ మధ్యనున్న నేలంతా మోకాలి లోతు బురదనీళ్లు. సున్నా రాయి మాత్రం చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. దాని పక్కన దిగుడుబావి లాంటి గుంత ఒకటుంటుంది. దాంట్లోంచే కిందికి దిగుతారు. అక్కడినుంచి ఒక సొరంగం కొండవైపు ఆరువందల నలభై అడుగులు పోయి వాల్వుల గదిలో ఆగుతుంది. గుంత పూడలేదు. సొరంగం సగం దాకా బాగానే ఉంది. ఆ తర్వాత రాయి. తలుపు మూసినట్టు నున్నటి రాయి.

"లోపలివైపు నుంచి వెళ్లడం కుదరదు. పైనుంచి బోరు వేయాలి," అంది పెద్ద ఇంజనీరు. సన్నగా, పొట్టిగా ఉండే ఆమె తలకు కట్టిన గుడ్డలోంచి నెత్తురు ఊరుతోంది. "గదిలోకి కన్నం పడితే ముందు గాలి, నీళ్లు పంపొచ్చు. గది పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. నూట ఇరవై అడుగుల లోతు. గురి తప్పకూడదు."

సర్వేయరు సున్నా రాయి మీద కొలత యంత్రం నిలబెట్టాడు. దిక్కు తేల్చుకోవడానికి వెనక నీళ్ల ట్యాంకు కొసను చూసి, అక్కడినుంచి కొండవైపు కోణం తిప్పాడు. బురదనీళ్ల మీదుగా అవతలి గట్టున అద్దం పట్టుకున్న మనిషిని కాస్త ఇటు, కాస్త అటు జరిపించి మేకు కొట్టించాడు. కింద ఆ మేకుకు సూటిగా గది మధ్యభాగం ఉండాలి. బోరు బండి కొండ వెనక దారిలోంచి తిరిగొచ్చి ఆ మేకు మీద నిలబడింది. ఆ దారి ఒకచోట మోకాలెత్తున దిగిపోయి ఉంటే రాళ్లు పరిచి దాటించారు.

నాతోపాటు అక్కడ కునుకు భార్య ఉంది. చీర కొంగులో మొగుడి అన్నం డబ్బా మూటగట్టుకుని ఒక గొట్టం మీద కూర్చుంది.

"మా ఆయన గురించి బెంగలేదు మాస్టారూ. ఇంత గోల జరిగినా ఓ కన్ను తెరిచి మూసుంటాడు," అంది. అంతలోనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

బోరు నిదానంగా సాగింది. కింద మనుషులున్నారు. దూకుడుగా కొడితే గది కప్పు వాళ్లమీదే కూలుతుంది. భూమి మళ్లీ మళ్లీ అదిరింది. అదిరిన ప్రతిసారీ ఆపి, అందరూ వెనక్కి జరిగి, మళ్లీ మొదలుపెట్టారు. సాయంత్రం నాలుగింటికి కడ్డీ నూట ఇరవై అడుగులు దిగింది. కన్నం పడలేదు. నూట ముప్పై దిగింది. అంతా రాయే.

ఇంజిన్ ఆపించి బోరు మేస్త్రీ కడ్డీకి చెవి ఆనించాడు. వేలెత్తి అందరినీ ఊరుకోమన్నాడు. తర్వాత నన్ను పిలిచి, నా తలను తన చేత్తోనే కడ్డీకి ఆనించాడు. ఇనుము వేడిగా ఉంది. లోపలెక్కడో టక్ టక్ టక్ మని మూడుసార్లు వినిపించింది. ఆగి, మళ్లీ మూడుసార్లు.

"బతికే ఉన్నారు. ఉంటే మరి గది ఏమైంది? నేల మింగిందా?" అన్నాడు మేస్త్రీ.

పెద్ద ఇంజనీరు నా వైపు తిరిగింది.

"మాస్టారూ, మీరు ఈ పాఠాలు చెప్తారని మీ చెల్లి అంటుండేది. కొండవైపు నేల దిగిందంటారా?"

అప్పటికి నేను చూసింది ఒక్కటే. కొండ వెనక దారి దిగిపోవడం. అది చాలనుకున్నాను.

"దిగింది మేడమ్. జారుడు భ్రంశం. వెనక దారి చూశారుగా, మోకాలెత్తు మెట్టు పడింది. లోతుకు పోయేకొద్దీ ఇంకా ఎక్కువ ఉండొచ్చు."

ఆ చివరి వాక్యానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఏ పుస్తకంలోనూ చదవలేదు. నోట్లోంచి వచ్చింది, అంతే. ఇరవై ఒక్క ఏళ్లుగా పిల్లల ముందు నిలబడ్డ గొంతు కాబట్టి నమ్మకంగా వచ్చింది. ఆమె ఆ గొంతునే నమ్మింది.

"అయితే ఇంకా కిందికి వెళ్దాం," అంది.

నూట యాభై దాకా వెళ్లారు. నూట డెబ్భై దాకా వెళ్లారు. చీకటి పడ్డాక ఒక అదురు వచ్చి, లోపల రాయి బిగుసుకుని, కడ్డీ కొసన రాయిని తొలిచే బిట్టు ఇరుక్కుపోయింది. దాన్ని లాగడానికే రాత్రంతా పట్టింది. చివరికి కడ్డీ వచ్చింది, బిట్టు రాలేదు. మేస్త్రీ దగ్గర ఇంకొక్క బిట్టే మిగిలింది. ఊళ్లోకి వచ్చే దారులన్నీ తెగిపోయాయి. ఇంకోటి ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేకపోయారు.

తెల్లారాక నేను ముఖం కడుక్కోవడానికి నీళ్లకోసం తొట్టివైపు దిగాను. నిన్నటి బురదనీళ్లు రాత్రికి రాత్రి ఇంకిపోయాయి. కింద గేటు నుంచి కొండకు నేరుగా పోయే కాలిబాట బయటపడింది. చెల్లి రోజూ ఆ బాటలోనే తిరిగేది. రెండు అంచులా ఇటుకలు నిలువుగా పాతి, మధ్యలో ఎర్రమట్టి పోసిన బాట. మూడు గజాలకు కాస్త ఎక్కువ వెడల్పు.

నడుచుకుంటూ పోతే బాట మధ్యలో ఆగిపోయింది. నా ముందు ఒక సన్నటి నెర్రె, దాని అవతల గడ్డి. తల తిప్పితే కుడిపక్కన బాట మళ్లీ మొదలైంది. ఇవతల కుడి అంచు ఇటుకలకు అవతల ఎడమ అంచు ఇటుకలు సరిగ్గా అతికినట్టు ఉన్నాయి. బాట బాటంతా తన వెడల్పు మేర పక్కకు జరిగింది.

నేను నేలమీద బోర్లా పడుకుని చూశాను. నెర్రెకు ఇటూ అటూ నేల ఒకే మట్టంలో ఉంది. వేలి మందం మెట్టు కూడా లేదు. నేల జారలేదు, ఎక్కలేదు. ఒరుసుకుంటూ పక్కకు పోయింది. వెనక దారి దిగింది దానివల్ల కాదు. అది మట్టి పోసి ఎత్తు చేసిన దారి. అదురుకు ఆ మట్టి కుదురుకుంది. ఏ పిల్లవాడైనా ఆ తప్పు రాసి ఉంటే నేను ఎర్రసిరాతో కొట్టేసేవాణ్ని.

సున్నా రాయి ఇవతల ఉంది. కోణం తిప్పడానికి చూసిన ట్యాంకు కూడా ఇవతలే ఉంది. గది అవతల. మేము కదలని రాయి నుంచి కదిలిపోయిన గదిని కొలిచాం. కొలత తప్పలేదు. ఆ కొలత దగ్గర గది లేదు.

నేను పరిగెత్తాను.

అందరూ బండి దగ్గర ఉన్నారు. మేస్త్రీ ఆఖరి బిట్టును అదే కన్నంలో, ఇరుక్కున్న బిట్టు పక్కగా దించడానికి బిగిస్తున్నాడు.

"ఆపండి. కిందికి కాదు. పక్కకి జరిగింది. గది పక్కన ఉంది," అన్నాను.

మేస్త్రీ పానా కింద పెట్టలేదు. రాత్రంతా నిద్రలేని కళ్లతో నన్ను చూశాడు.

"నిన్న కిందికన్నారు. ఇవాళ పక్కకంటున్నారు. రేపు పైకంటారా మాస్టారూ? చెట్టెక్కి బోరు వేయాలా?"

ఎవరో నవ్వారు. కునుకు భార్య నవ్వలేదు.

"సున్నా రాయి అంగుళం కూడా కదల్లేదు. నేను మూడుసార్లు చూశాను," అన్నాడు సర్వేయరు. నలభై ఏళ్లుగా ఆ మేకునే నమ్ముకున్న మనిషి ఆయన.

"రాయి కదలకపోవడమే తప్పయింది సార్. కొండ కదిలింది."

"కొండ కదుల్తుందా?"

పెద్ద ఇంజనీరు రెండు చేతులతో కళ్లు నొక్కుకుంది. "మాస్టారూ, ఉన్నది ఒక్క బిట్టు. నిన్న మీ మాట మీద పదిహేను గంటలు పోయాయి. మీరు చెప్పేది ఖాయమేనా?"

నా నోటిదాకా ఖాయమే అన్న మాట వచ్చింది. గొంతులో దాన్ని ఆపడం ఎంత కష్టమో నాకు ఆ ఒక్కసారే తెలిసింది.

"నాకు తెలియదు మేడమ్," అన్నాను. "నిన్న కూడా తెలియదు. తెలియకుండానే చెప్పాను. ఇవాళ నా మాట నమ్మొద్దు. మీరే వచ్చి చూడండి. చూసి మీరే చెప్పండి."

ఆమె మేస్త్రీకి ఆగమని సైగ చేసి కిందికి నడిచింది. సర్వేయరు గొణుక్కుంటూ వెనకే వచ్చాడు. బాట దగ్గర ముగ్గురం నిలబడ్డాం. సర్వేయరు మోకాళ్ల మీద కూర్చుని, ఇవతలి ఇటుకల మీద చెయ్యి పెట్టి, అవతలి ఇటుకలను చూశాడు. తర్వాత టేపు తీసి కొలిచాడు.

"తొమ్మిదిన్నర," అన్నాడు. "తొమ్మిదడుగుల ఆరంగుళాలు."

గదిలో సగం వెడల్పు నాలుగడుగులు. మేము గది గోడకు అయిదున్నర అడుగుల దూరంగా, పక్కనుంచి కిందికి దిగిపోయామన్నమాట.

"కుడికా, ఎడమకా?" అంది ఇంజనీరు. "అది తేల్చండి."

"ఎడమకే. కుడికి పోయిందాన్ని వెనక్కి తేవాలంటే ఎడమకు జరగాలి," అన్నాడు సర్వేయరు.

"బాటను వెనక్కి తేవడం లేదు కదండీ. అది పోయిన చోటికి మనం పోవాలి," అన్నాను.

"మరి కొండవైపు నుంచి చూస్తే తిరగబడదా? ఇటునుంచి కుడి అయితే, అటునుంచి ఎడమ అవుతుంది."

ప్రతి ఏడాదీ ఈ ప్రశ్న వస్తుంది. నేను నెర్రె దాటి అవతల నిలబడి వాళ్లకు ఎదురుగా తిరిగాను. నాకు కూడా వాళ్ల వైపు బాట కుడిపక్కనే కనిపించింది. ఎటునుంచి చూసినా అవతలిది కుడికే. సర్వేయరును రమ్మని నా పక్కన నిలబెట్టాను. ఆయన తల ఇటూ అటూ తిప్పాడు. ఇంజనీరు ఆగలేదు. అప్పటికే పైకి పరుగు తీస్తోంది.

"నిన్నటి మేకు నుంచి కుడికి తొమ్మిదిన్నర!" అని అరుస్తూనే ఉంది. "రాయి దగ్గర నిలబడి చూస్తే కుడికి!"

బండిని జరిపి నిలబెట్టేసరికి తొమ్మిదయింది. ఇంజిన్ ఆగినప్పుడల్లా నేను కడ్డీకి చెవి ఆనించాను. పదింటికి ఏమీ లేదు. పదకొండున్నరకు ఒక్కసారి టక్ మంది. ఒక్కటే. ముందురోజు మూడు. నేను ఎవరికీ చెప్పలేదు. కునుకు భార్య నా ముఖం చూసి, ఏం వినిపించిందని అడగకుండా తల తిప్పుకుంది.

మధ్యాహ్నం రెండింటికి, నూట పద్దెనిమిది అడుగుల దగ్గర కడ్డీ చేతిలోంచి జారినట్టు దిగింది. మేస్త్రీ ఇంజిన్ ఆపేశాడు. చేతులు పైకెత్తి ఏదో అనబోయాడు గానీ, నోరు వంకర్లు పోయి, అలాగే నేలమీద చతికిలబడ్డాడు. కడ్డీ పైకి తీశారు. ఒక తాడుకు నీళ్ల సీసా, టార్చి, వాకీటాకీ కట్టి దించారు. తాడు సడలింది. తర్వాత కిందనుంచి ఎవరో లాగారు.

రెండో వాకీటాకీ ఇంజనీరు చేతిలో ఉంది. ఆమె దాన్ని నాకిచ్చింది.

"ఎవరు?" అన్నాను.

చాలాసేపు దగ్గు. "నేను... కునుకుని."

కునుకు భార్య నా మోచెయ్యి పట్టుకుంది. నాకు తర్వాతి మాట అడగడం చేతకాలేదు. కిందనుంచి ఆయనే అడిగాడు.

"మాస్టారేనా?"

"నేనే బాబాయ్."

"అమ్మాయి..." అని ఆగాడు. "కాలి మీద గొట్టం పడింది మాస్టారూ. తీయలేకపోయాను. నా బెల్టుతో కట్టు కట్టాను. రాత్రంతా మాట్లాడుతూనే ఉంది. నేను నిద్రపోతే చంపేస్తానంది. పాటలు పాడమంది. వాచీలో ఆరున్నర అయిందని తనే చెప్పింది. తర్వాత చెప్పలేదు."

ఆరున్నరకు నేను బాట మీద బోర్లా పడుకుని మట్టం చూస్తున్నాను.

"నిన్న చప్పుడు విన్నాం," అన్నాను.

"అమ్మాయే కొట్టింది, పానాతో. మీ మిషను మోత మాకు గోడ పక్కనే వినపడింది. కిందికి దిగిపోతా ఉంటే అర్థం చేసుకుంది. 'పక్కనుంచి పోతున్నారు బాబాయ్, నేల ఒరిసింది, మా అన్నయ్య పైనే ఉంటాడు, కనిపెడతాడు' అంది. చాలాసార్లంది."

నేను వాకీటాకీ నోటికి దూరంగా పట్టుకున్నాను. ఇంజనీరు నా భుజం మీద చెయ్యి వేసి, ఎవరికీ తెలిసే అవకాశం లేదండీ అంది. తర్వాత ఒక డాక్టరు కూడా అలాంటి మాటే అన్నాడు. ముందురోజు రాత్రికే చేరినా బతికేదని చెప్పలేమన్నాడు. బతకదనీ చెప్పలేమన్నాడు. ఆయన తెలియనిది తెలియదని చెప్పే మనిషి. నేను ఆయనకు నమస్కారం పెట్టాను.

నాలుగింటికి దారి తెరుచుకుని పక్క ఊరి నుంచి పెద్ద రిగ్గు వచ్చింది. మనిషి పట్టేంత కన్నం అది తవ్వగలదు. ఈలోగా నేను కిందికి మాట్లాడుతూనే ఉన్నాను. ఆయన్ని నిద్రపోనివ్వొద్దని డాక్టరు చెప్పాడు. ఊళ్లో ఏవి నిలబడ్డాయో, ఏవి పడిపోయాయో చెప్పాను. వాకీటాకీ కాసేపు ఆయన భార్యకిచ్చాను. "అన్నం పాడైపోయింది, మళ్లీ వండి తెస్తాలే, లేచి ఉండు ముదనష్టపోడా," అని ఏడుస్తూ తిట్టింది. కిందనుంచి నవ్వు లాంటి దగ్గు వినిపించింది.

పెద్ద రిగ్గు మేస్త్రీ వచ్చి కన్నంలోకి టార్చి వేసి చూసి, ఇంజనీరుతో ఏదో అన్నాడు. ఆమె నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"పెద్ద బిట్టు దిగితే కన్నం చుట్టూ కప్పు పెచ్చులుగా రాలుతుందట. ఆయన్ని ఎడమ మూలకు జరగమనాలి. మూల గట్టిగా ఉందట. చీకటి పడేలోగా మొదలుపెట్టాలి. మీరు చెప్పలేకపోతే నేను చెప్తాను."

"నేనే చెప్తాను," అన్నాను.

"బాబాయ్, వినపడుతోందా?"

"ఊఁ."

"నీళ్ల సీసా తీసుకుని ఎడమ మూలకు జరగండి. గోడకు ఆనుకుని కూర్చోండి."

వాకీటాకీని చెవికి ఆనించుకున్నాను.

"బాబాయ్."

"అమ్మాయి తల నా ఒళ్లో ఉంది మాస్టారూ."

"కింద పెట్టండి."

"గొట్టం కింద కాలుంది. తనని జరపలేను. సరిగ్గా కన్నం కిందే ఉంది. రాళ్లు మీద పడతాయి."

కునుకు భార్య వింటోంది. మేస్త్రీలిద్దరూ వింటున్నారు. ఇంజనీరు చెయ్యి చాపింది, వాకీటాకీ తీసుకోవడానికి. నేనివ్వలేదు.

"పడనివ్వండి," అన్నాను.

కింద ఊపిరి వినిపించింది. తర్వాత గుడ్డ నేలకు రాసుకున్న చప్పుడు.

"నా చొక్కా ముఖం మీద కప్పాను," అన్నాడు.

"మంచిది. జరగండి."

"జరుగుతున్నా."

"ఇంకా."

"గోడ తగిలింది."

"తలమీద చేతులు పెట్టుకోండి. నేను చెప్పేదాకా తీయొద్దు."

పెద్ద రిగ్గు మేస్త్రీ మీట మీద చెయ్యి పెట్టుకుని నా వైపే చూస్తున్నాడు. ఆయనకు ఇంజనీరు సైగ చేయలేదు. అందరూ నా కోసం ఆగారు.

"కానివ్వండి," అన్నాను.

మోత మొదలైంది. కునుకు భార్య నా మోచెయ్యి వదల్లేదు. వేళ్లు ఎముక దాకా దిగుతున్నాయి. వదలమని నేనూ అనలేదు.